ఉప్పునీటి తొట్టికి మంచినీటి కాపలా

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

సముద్రం యుగాలుగా ఎండకు ఆవిరవుతూనే వుంది. అయినా దాని ఉప్పదనం మనకు తెలిసేంతగా మారటం లేదు. పైకి పోయిన నీళ్ళు వానలుగా, నదులుగా తిరిగి వచ్చి చేరుతుంటాయి గనుక ఆ జమాఖర్చు సరిపోతున్నది. అదే సముద్రపు నీటిని ఒక వంద లీటర్లు తెచ్చి గాజుతొట్టిలో పోశామనుకోండి. అక్కడ గాలి వుంది, వేడి వుంది, ఆవిరి వుంది. వాన మాత్రం లేదు. ఆ వాన చేసే పని ఎవరో ఒకరు చెయ్యాలి. రోజూ చెంబుతో మనిషి పొయ్యవచ్చు. లేదా ఒక చిన్న యంత్రానికి అప్పగించవచ్చు. ఆ యంత్రాన్నే ఆటోమేటిక్ టాప్ ఆఫ్ అంటారు. పగడపు తొట్టెలు, అనగా రీఫ్ అక్వేరియంలు పెంచేవాళ్ళు పొట్టిగా ఏ.టి.ఓ. అని పిలుచుకుంటారు.

మన జంతుశాస్త్ర విభాగంలోని ఉప్పునీటి తొట్టిని చూడని వాళ్ళు కాలేజీలో వుండరు. కింద దాచిన సంపుతో కలిపి అందులో సుమారు 100 లీటర్ల నీరు, హేచరీలో పొదిగిన ఒక జత క్లౌన్ చేపలు వున్నాయి. పగడాలు పెట్టలేదేమని చాలామంది అడుగుతుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుండి దిబ్బలు కట్టే పగడాలకు మన దేశంలో పులికున్నంత రక్షణ వుంది. మన్నార్ సింధుశాఖ నుండో, అండమాన్ నుండో ఒక ముక్క తెచ్చి పెట్టుకోవటం నేరం. అందుకే మనది చేపల తొట్టి మాత్రమే. అయితే నీటి లెక్క రెండింటికీ ఒక్కటే. ఈ ఏడాదితో మా బ్యాచి వెళ్ళిపోతుంది. ఆ తొట్టి బాధ్యత జూనియర్ల చేతికి వస్తుంది. నోటితో చెబితే సగం మరిచిపోతారు గనుక ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు

సముద్రపు నీటిలో లవణీయత వెయ్యికి సుమారు 35 పాళ్ళు. లెక్క తేలిగ్గా వుండటానికి లీటరుకు 35 గ్రాములనుకుందాం. 100 లీటర్లలో 3,500 గ్రాముల ఉప్పు. వేసవిలో, ఫ్యాను తిరుగుతుంటే, మన తొట్టి నుండి రోజుకు 2 లీటర్లు ఆవిరవుతాయి. అయిదు రోజులు పట్టించుకోకపోతే 90 లీటర్లు మిగులుతాయి. ఉప్పు మాత్రం గ్రాము తగ్గదు. ఇప్పుడు లీటరుకు 38.9 గ్రాములు.

ఆరో రోజున ఎవరో గుర్తొచ్చి ఒక్కసారిగా 10 లీటర్ల నీళ్ళు గుమ్మరిస్తారు. వెంటనే మళ్ళీ 35. మనకు మాత్రం అంతా సర్దుకున్నట్టే కనిపిస్తుంది. సముద్రపు జీవి శరీరంలోకి, శరీరం నుండి నీరు పోయి రావటం ద్రవాభిసరణ మీద ఆధారపడి వుంటుందని మనం చదువుకున్నాం. చేప మూత్రపిండాలతో, మొప్పలతో కొంత సర్దుకోగలదు. పగడానికి, నక్షత్రచేపకు, రొయ్యకు అంత వెసులుబాటు లేదు. వాటిని దెబ్బతీసేది ఉప్పు ఎక్కువ తక్కువలకన్నా ఆ ఊగిసలాట. అందుకే గంటగంటకూ కొంచెం కొంచెంగా నీళ్ళు పోసేవాడు కావాలి.

మూత పెట్టి ఆవిరిని ఆపేస్తే సరిపోదా అనే ప్రశ్న వస్తుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సంగతి గుర్తుంచుకోండి. 2 లీటర్ల నీరు ఆవిరి కావటానికి దాదాపు 4,860 కిలోజౌళ్ళ వేడి కావాలి. రోజు మొత్తానికి సర్దితే అది 56 వాట్లు. అంటే ఆ ఆవిరి మన తొట్టిలో నుంచి 56 వాట్ల వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తున్నదన్న మాట. మన వేసవిలో గట్టిగా మూత బిగిస్తే చేపలు ఉడికిపోతాయి. ఆవిరి పోనివ్వాలి, పోయినంత నీరూ పొయ్యాలి.

ఏ నీళ్ళు పొయ్యాలి?

ఉప్పునీటి తొట్టి గనుక ఉప్పునీళ్ళే పొయ్యాలని కొత్తవాళ్ళు అనుకుంటారు. పోయింది మంచినీరు, పొయ్యవలసిందీ మంచినీరే. అదీ వట్టి మంచినీరు కాదు, ఏమీ కరగని నీరు.

రైతు బిడ్డలకు ఇది వేరే చెప్పనక్కర లేదు. ఉప్పదనం వున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి కట్టి, మురుగు పోయే దారి లేకపోతే ఆ చేను చౌడు పడుతుంది. నీరు ఆవిరై పోతుంది, తెల్లని పొర తేలుతుంది. మా నాన్న దాన్ని వేలితో గీరి చూసి, "ఇదంతా నీళ్ళల్లో వచ్చిందేరా" అంటారు. తొట్టిలోనూ అదే జరుగుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కరిగిన పదార్థాలున్న బోరు నీరు రోజుకు 2 లీటర్లు పోస్తే రోజుకు 1 గ్రాము, ఏడాదికి 365 గ్రాములు తొట్టిలోనే మిగిలిపోతాయి. అందులో నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు వుంటే ముందుగా సంతోషించేది నాచు.

కాబట్టి ఆర్.ఓ. తరువాత డీఅయొనైజేషన్ రెజిన్ కూడా దాటిన నీరు వాడాలి. టి.డి.ఎస్. మీటరు సున్నా చూపాలి. కెమిస్ట్రీ ల్యాబులోని డిస్టిల్డ్ వాటర్ కూడా పనికివస్తుంది, కాని అది గాజు పరికరంలో తయారైనదై వుండాలి. రాగి తగిలిన నీరు చేపకు కొద్దిగా ఓర్చుకోదగ్గదైనా రొయ్యలకు, పగడాలకు విషం.

మట్టం కనిపెట్టే కళ్ళు

ఏ.టి.ఓ.లో నాలుగే భాగాలు: మట్టం తగ్గిందని కనిపెట్టే సెన్సారు, నిర్ణయం తీసుకునే కంట్రోలరు, చిన్న మోటారు, మంచినీటి డబ్బా. ఎంపికలో తేడాలన్నీ సెన్సారు దగ్గరే వస్తాయి.

అన్నిటికన్నా సులువైనది కోళ్ళ షెడ్డులో బోర్లించి పెట్టే నీళ్ళ డబ్బా. మూతి దాకా నీరుంటే గాలి లోపలికి పోదు, నీరు కిందికి రాదు. మట్టం తగ్గగానే ఒక బుడగ లోపలికి, కొంచెం నీరు బయటికి. కరెంటు అక్కర లేదు. కాని ఎండ ఎక్కినపుడు డబ్బాలోని గాలి వ్యాకోచించి అదనంగా నీటిని నెడుతుంది. అందువల్ల ఇది చిన్న తొట్టెలకే.

రెండవది ఇంటి పైని ట్యాంకులో వుండే బాల్ వాల్వు. బెండు కిందికి దిగితే వాల్వు తెరుచుకుంటుంది, పైకి తేలితే మూసుకుంటుంది. నమ్మకమైనదే గాని, ఉప్పునీటి తుంపర ఎండి కీలు దగ్గర పేరుకుంటే బిగుసుకుపోతుంది.

మూడవది ఫ్లోట్ స్విచ్. బెండులో అయస్కాంతం, నిలువు కడ్డీలో రీడ్ స్విచ్. ఈ రీడ్ స్విచ్ 1936లో అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీస్‌లో పుట్టింది. అయస్కాంతం దగ్గరకు రాగానే గాజుగొట్టంలోని రెండు సన్నని రేకులు అంటుకుంటాయి. చవక, బాగు చేసుకోవటం సులభం. దీనికి శత్రువు నత్త. అది వచ్చి బెండు మీద కూర్చుంటే నీరు నిండినా బెండు లేవదు, మోటారు ఆగదు. ప్లాస్టిక్ జాలీ తొడగటం తప్పనిసరి.

నాలుగవది కాంతి సెన్సారు. మన ఆప్టిక్స్ పాఠం ఇక్కడ పనికివచ్చింది. శంకువు ఆకారపు పారదర్శక ప్లాస్టిక్ మొనలోకి పరారుణ కాంతి పంపుతారు. ప్లాస్టిక్ వక్రీభవన గుణకం సుమారు 1.5. చుట్టూ గాలి వుంటే సందిగ్ధ కోణం 42 డిగ్రీలు; 45 డిగ్రీల వాలున పడిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెంది వెనక్కి వస్తుంది. చుట్టూ నీరుంటే సందిగ్ధ కోణం 62 డిగ్రీలు దాటుతుంది, కాంతి నీటిలోకి జారిపోతుంది. కాంతి తిరిగి వచ్చిందంటే నీరు లేదని అర్థం. కదిలే భాగం లేదు గనుక బిగుసుకునే బాధ లేదు. కాని నాచు పట్టినా, గాలిబుడగలు అంటుకున్నా తప్పు చెబుతుంది. వారానికొకసారి తుడవాలి.

నన్నడిగితే రెండు వేర్వేరు రకాలు కలిపి వాడటం మేలంటాను. రోజువారీ పనికి కాంతి సెన్సారు, దానికి రెండు సెంటీమీటర్లు పైన ప్రమాద ఘంటగా ఫ్లోట్ స్విచ్. ఒకే జబ్బు రెండింటికీ ఒకేసారి రాదు. వైరు తెగితే మోటారు ఆగిపోయేలా కలపాలి గాని ఆడేలా కలపకూడదు.

ఎక్కడ బిగించాలి?

పైన తొట్టి నిండి అంచు దాటి సంపులోకి పొర్లుతుంటుంది కాబట్టి పై తొట్టి మట్టం మారదు. ఆవిరైన లోటంతా సంపు చివరి గదిలో, అనగా నీటిని పైకి పంపే మోటారు వున్న గదిలో కనిపిస్తుంది. మన సంపులో ఆ గది 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు. 600 మిల్లీలీటర్లు తగ్గితే మట్టం 1 సెం.మీ. పడుతుంది. సెన్సారు అక్కడ పెట్టి, 1 సెం.మీ. తేడాకు మోటారు ఆడేలా అమర్చితే ప్రతిసారీ లవణీయతలో తేడా 0.2 మాత్రమే. అయిదు రోజులకొకసారి 3.9 తేడా ఎక్కడ, ఇదెక్కడ!

మోటారు బలమైనది వద్దు. నిమిషానికి లీటరు పోసే 12 వోల్టుల మోటారు చాలు. 600 మిల్లీలీటర్లకు 36 సెకండ్లు పడుతుంది. రెండు నిమిషాలు దాటి ఆడితే ఏదో తేడా వచ్చిందని కంట్రోలరు దానంతటదే ఆపేసేలా కాలపరిమితి పెట్టాలి. వైర్లు తొట్టికన్నా కిందికి వేలాడి మళ్ళీ ప్లగ్గుకు ఎక్కాలి, అప్పుడు తడి ప్లగ్గు దాకా పాకదు.

సైఫన్ సంగతి

ట్రాక్టరు ట్యాంకు నుండి గొట్టంతో డీజిల్ తీసేటప్పుడు ఒక్కసారి పీల్చి వదిలితే చాలు, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారుతూనే వుంటుంది. మంచినీటి డబ్బా సంపుకన్నా ఎత్తున వుండి, గొట్టం కొస డబ్బాలోని నీటి మట్టానికి కింద వుంటే ఇక్కడా అదే జరుగుతుంది. మోటారు ఆగినా నీరు ఆగదు. అందుకని గొట్టం కొస ఎప్పుడూ డబ్బాలోని నీటి మట్టానికి పైనే, గాలిలో వుండాలి. డబ్బాను కిందనే పెట్టుకుంటే మరీ మంచిది.

డబ్బా ఎంత వుండాలి?

అందరూ పెద్ద డబ్బా కావాలంటారు, పది రోజులు చూడక్కర లేదని. ఇక్కడే జాగ్రత్తపడాలి. సెన్సారు మొరాయించి డబ్బా మొత్తం ఖాళీ అయిందనుకోండి. 10 లీటర్ల డబ్బా అయితే 3,500 గ్రాముల ఉప్పు 110 లీటర్లలో కలిసి లవణీయత 31.8కి దిగుతుంది, చేపలు తట్టుకుంటాయి. 20 లీటర్లయితే 29.2. 40 లీటర్లయితే 25, దానికి తోడు గదంతా నీళ్ళు. అన్ని రక్షణలూ తప్పినపుడు చివరికి మిగిలే రక్షణ డబ్బా చిన్నదిగా వుండటమే. కరెంటు పోయినపుడు పైనుంచి దిగే నీటితో పాటు డబ్బాడు నీళ్ళూ పట్టేంత ఖాళీ సంపులో వుండాలి.

పగడపు తొట్టెల వాళ్ళు ఈ డబ్బాలోనే సున్నపుతేట కలుపుతారు. పగడాలకు కావలసిన కాల్షియం అలా అందుతుంది. కాని సున్నపుతేట పి.హెచ్. 12 దాటుతుంది. అక్కడ సెన్సారు మొరాయిస్తే ఉప్పు తగ్గటంతో పోదు, మొదటికే మోసం.

యంత్రానికి తెలియనిది

మా వూళ్ళో బోర్లకు ఆటో స్టార్టర్లు బిగిస్తారు. కరెంటు రాగానే మోటారు ఆడుతుంది. కాని బోరులో నీళ్ళున్నాయో లేదో దానికి తెలియదు. నీళ్ళు అడుగంటినా ఆడి ఆడి మోటారు కాలిపోతుంది. దానికి తెలిసింది కరెంటు ఒక్కటే. అలాగే ఏ.టి.ఓ.కు తెలిసింది మట్టం ఒక్కటే.

తొట్టిలో ప్రోటీన్ స్కిమ్మర్ వుంది గదా! నురుగుతో మురికిని బయటికి తోసే ఆ పరికరం సరిగా అమర్చకపోతే రోజుకు లీటరు ఉప్పునీటిని కప్పులోకి పొర్లిస్తుంది. మట్టం తగ్గింది గనుక ఏ.టి.ఓ. లీటరు మంచినీరు పోస్తుంది. పది రోజులకు లవణీయత 32కు కిందికి పోతుంది. పది రోజులూ మట్టం గీత మీదనే వుంటుంది, ఎర్ర లైటు వెలగదు, చూసేవాళ్ళకు అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఎక్కడైనా జాయింటు కారుతున్నా ఇదే కథ. ఏ.టి.ఓ. లేని రోజుల్లో మట్టం పడిపోయి మనల్ని హెచ్చరించేది. ఇప్పుడు ఆ హెచ్చరికను యంత్రమే కప్పిపెడుతుంది.

ఇది యంత్రం తప్పు కాదు. దానికి మనం చెప్పిన పని మట్టం చూడమని. ఉప్పు చూడటం ఇంకా మన పనే.

జూనియర్లకు

మొదటి వారం ఏ.టి.ఓ. ఆపి, గాజు మీద గీత గీసి, రోజూ ఎన్ని మిల్లీలీటర్లు పోశారో నోటుబుక్కులో రాయండి. వేసవిలో ఒకసారి, శీతాకాలంలో ఒకసారి ఈ లెక్క తియ్యండి. ఆ తరువాత డబ్బా మీద తేదీ వేసి గీతలు గీయండి. మామూలుగా అయిదు రోజులు వచ్చే డబ్బా మూడు రోజులకే అయిపోయిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఎనిమిది రోజులైనా అవకపోతే సెన్సారు కన్ను మూసుకున్నట్టు.

వారానికి రెండుసార్లు లవణీయత కొలవండి. 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత 1.026 వుండాలి. రిఫ్రాక్టోమీటరును 35 పాళ్ళ ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి. తొట్టి నీరు మార్చేటప్పుడు ఏ.టి.ఓ. స్విచ్ తప్పనిసరిగా ఆపండి. లేకపోతే మీరు ఉప్పునీరు తోడుతుంటే అది వెనకనుంచి మంచినీరు నింపుతుంటుంది.

సంక్రాంతి సెలవులకు హాస్టలంతా ఖాళీ అవుతుంది. ఆ పది రోజుల కోసం పెద్ద డబ్బా పెట్టకండి. 10 లీటర్ల డబ్బానే నింపి, వూళ్ళోనే వుండే మిత్రుడొకరికి రెండో డబ్బా, రిఫ్రాక్టోమీటరు అప్పగించి, అయిదో రోజున ఒకసారి వచ్చి చూడమనండి. నీళ్ళు పోయించుకోవటానికి యంత్రం చాలు. నోటుబుక్కులో అంకె చూసి "ఇదేమిటి, నిన్నటికన్నా తగ్గిందే" అని ఆగి ఆలోచించటానికి మాత్రం మనిషి కావాలి. ఆ నోటుబుక్కు తొట్టి పక్క అలమరలో, పై అరలో వుంది. పేజీలు ఇంకా చాలా ఖాళీగా వున్నాయి.