కాన్సరు రోగులు - కరోనా వైరసు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున, నార్కెట్‌పల్లికిని నకిరేకల్లునకును నడుమ కట్టంగూరు ఉన్నది. ఈ చుట్టుపట్ల పల్లెలలో ఒక బీదకుటుంబమున ఎవరికైన కాన్సరు సోకినదని తేలినచో, వారికి తోచు మొదటి పేరు హైదరాబాదు రెడ్‌హిల్సులోని మెహదీ నవాజ్ జంగు కాన్సరు ఆస్పత్రి. 1955లో నెలకొన్న ఆ ప్రభుత్వ వైద్యాలయము ఇచ్చటికి సుమారు నూరు కిలోమీటర్ల దూరము. ఉదయము బస్సెక్కి పోయి, మందు ఎక్కించుకొని, రాత్రికి ఇల్లు చేరుట ఎందరికో అలవాటైన ప్రయాణము.

2020 మార్చి 22వ తేదీన ఆ బస్సులు నిలిచిపోయినవి. మరల మే 19వ తేదీనగాని జిల్లాలలో కదలలేదు. మూడు వారముల కొకమారు మందు పుచ్చుకొనవలసిన రోగికి ఈ యెడమలో రెండు మూడు మోతాదుల వేళ దాటును. అత్యవసర ప్రయాణమునకు అనుమతి ఉండెను. కాని సొంత బండి లేనివారి కది ఎంతవరకు అక్కరకు వచ్చును? ఆస్పత్రికి పోయిన వైరసు సోకునేమో, పోకున్న పుండు ముదురునేమో - ఈ రెండు భయముల నడుమ అనేక కుటుంబములు నలిగినవి. ఏ భయ మెంతవరకు నిజమో నే డించుక విచారింతము.

మన రక్తములోని తెల్లకణములు శరీరమునకు కావలివారు. ఇవి ఎముకల మూలుగలో పుట్టును. కాన్సరు కణములు వేగముగ వృద్ధిపొందునవి గనుక, కీమోథెరపీ మందులు వేగముగ పెరుగు కణములనే వెదకి చంపును. మూలుగలోని కణములును అట్టివే. కలుపు తీయునప్పుడు కొన్ని పైరు మొలకలును తెగినట్లు, కాన్సరుతోపాటు తెల్లకణములును నశించును. సాధారణముగ మందు ఎక్కించిన 7 మొదలు 14 దినముల నడుమ వాని సంఖ్య మిక్కిలి తగ్గి, పిదప మరల పెరుగును. రక్తకాన్సరులలో చిక్కు మరియొకటి: అచ్చట రోగము కావలివారికే పట్టినది. ఊపిరితిత్తుల కాన్సరులో వైరసు ప్రవేశించు స్థానమే ముందుగ దెబ్బతిని యుండును.

2020 ఆరంభమున చైనా వైద్యులు 1590 మంది కరోనా రోగుల వివరములు పరిశీలింపగా, అందు 18 మంది కాన్సరు చరిత్ర కలవారుగ కనబడిరి. వారిలో నూటికి 39 మందికి రోగము తీవ్రమైనది. తక్కినవారిలో నూటికి 8 మందికే. ఈ వార్త లోకమును భయపెట్టినది. కాని 18 మందిని చూచి అందరి సంగతి నిర్ణయింపరాదు. ఆ యేడే అమెరికా, కెనడా, స్పెయిను దేశములలో 928 మంది కాన్సరు రోగులను గమనింపగా, వైరసు సోకిన నెలలోపల నూటికి 13 మంది మరణించిరి. ముదిమి, ఇతర వ్యాధులు, మంచము పట్టిన స్థితి, ముదురుచున్న కాన్సరు - ఇవి ప్రమాదమును పెంచినవి. బ్రిటనులో 800 మందిని పరిశీలించినవారు మరియొక ముఖ్యవిషయము కనుగొనిరి: గడచిన నాలుగు వారములలో కీమోథెరపీ పొందినవారికిని పొందనివారికిని మరణములలో చెప్పుకొనదగిన భేదము లేదు. అనగా భయపడి చికిత్స మానుట వలన రక్షణ కలుగదు.

మానినందువలన నష్టమో? మన దేశమున 41 కాన్సరు వైద్యాలయముల లెక్కలు చూడగా, 2020 మార్చి మొదలు మే వరకు క్రొత్తగ నమోదైన రోగులు, 2019లోని అదే కాలముతో పోల్చిన, నూటికి 54 వంతులు తగ్గిరి. పెద్ద శస్త్రచికిత్సలు 49 వంతులు తగ్గినవి. దేశమున కాన్సరు తగ్గలేదు. ఆస్పత్రి గడప త్రొక్కినవారు తగ్గిరి. ఆరంభమున కోసి తీసివేయదగిన గడ్డ, నెలలు గడచిన పిదప చేయి దాటిపోవచ్చును.

2021 మార్చి 1వ తేదీనుండి 45 ఏండ్లు దాటిన కాన్సరు రోగులకును ముందువరుసలో టీకా వేయసాగిరి. టీకావలన తీవ్రవ్యాధి తగ్గినది. అయితే రక్తకాన్సరు కలవారి శరీరము టీకాకు బలహీనముగ స్పందించును. కనుక రోగి చుట్టునున్న ఇంటివారు జాగ్రత్తపడుటయే వారికి రెండవ కోట.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించెను. వైరసు మాత్రము మన నడుమనే ఉన్నది. రోగియున్న ఇంట మూడు నియమములు పాటింపవలెను. మొదటిది: కీమోథెరపీ పొందుచున్నవారికి జ్వరము 100.4 డిగ్రీలు దాటినచో, మాత్ర వేసి రేపు చూతమని ఉపేక్షింపరాదు. అది కరోనాయైనను మరొకటియైనను, వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. రెండవది: పరామర్శకు బంధువులు గుంపుగ వచ్చుట మన ఆచారము, ప్రేమతో చేయునదే. కాని దగ్గు, జలుబు కలవారు ఫోనులో పలుకరించుట ఆ ప్రేమకు తగిన పని. దగ్గరకు పోవువారు చేతులు కడుగుకొని, మూతికి ముసుగు కట్టుకొనవలెను. మూడవది: వైద్యుడు చెప్పనిదే మందు వాయిదా వేయరాదు.

కాన్సరు అంటువ్యాధి కాదు. రోగిని దూరము పెట్టవలసిన పనిలేదు. రోగికి అంటు సోకకుండ చూడవలసిన పని మాత్రమే కలదు. ఈ భేదము తెలిసిన ఇంట రోగికి ధైర్యమును, చికిత్సకు ఫలమును కలుగును.