ధన్యులెవరు?

కోనసీమలో ఒక కుటుంబమును గూర్చి ‘వారికేమి కొదువ?’ అని నలుగురును అనుకొనునపుడు ఆ మాట వెనుక సామాన్యముగా మూడు సంగతులుండును: కాలువ నీరు పారెడి వరిచేను, కాపునకు వచ్చిన కొబ్బరితోట, అప్పులేని ఇల్లు. ఇవి సుఖసాధనములు కావని ఎవరును అనజాలరు. గౌతమీ వసిష్ఠల నడుమనున్న కొత్తపేట మొదలుకొని సముద్రతీరము వరకు గల పల్లెలన్నియు వీటికొరకే పాటుపడుచున్నవి. అయినను ఇవన్నియు ఉండియు మనశ్శాంతి కరవైనవారును, ఇవేవియు లేకయు నిబ్బరముగా బ్రతుకువారును ఒకే వీధిలో మనకు కనబడుచుందురు. సుఖము వేరు, ధన్యత వేరు అని ఈ అనుభవమే సూచించుచున్నది. ఆ భేదమును క్రైస్తవధర్మము ఎట్లు వివరించునో ఈ ప్రసంగమున పరిశీలింతము.

ఈ విషయమున క్రైస్తవులకు మూలాధారము కొండమీది ప్రసంగము. మత్తయి సువార్తలో 5, 6, 7 అధ్యాయములు ఈ ప్రసంగమే. దాని ఆరంభమున క్రీస్తు ఎనిమిది విధములైనవారిని ధన్యులని పేర్కొనెను. ఆత్మయందు దీనులైనవారు, దుఃఖించువారు, సాత్త్వికులు, నీతికొరకు ఆకలిదప్పులు గొనువారు, దయగలవారు, నిర్మలహృదయులు, సమాధానము కూర్చువారు, నీతి నిమిత్తము హింసలు పడువారు — ఇదియే ఆ వరుస. లోకము భాగ్యవంతుల పట్టిక వ్రాసినచో ఇందులో ఒక్కరికైనను చోటు దొరకునా యనుట సందేహమే.

ఇచ్చట పదములను కొంత విచారించుట అవసరము. గ్రీకు మూలమున ధన్యుడను అర్థమున ‘మకారియోస్’ అను మాట కలదు. పూర్వము గ్రీకులు ఆ మాటను చీకుచింతలు లేని దేవతలకును, కలిమిచేత వారివలె నిశ్చింతగా జీవించు శ్రీమంతులకును వాడెడివారు. మన భాషలో ‘ధన్యుడు’ అను పదమును ధనము అను మాటనుండియే పుట్టినది. కలిమిగలవారికి చెల్లుచుండిన పదమును క్రీస్తు లేమిలో నున్నవారికి బిరుదుగా నొసగెను. విన్నవారు మొదట ఉలికిపడియుందురు. బోధకుని ఉద్దేశమును అదియే కావచ్చును.

లూకా సువార్తలో ఈ బోధ ఇంకను సూటిగా నున్నది. అచ్చట ‘ఆత్మయందు’ అను విశేషణము లేదు, బీదలనియే యున్నది. నాలుగు ధన్యతలకు ఎదురుగా ధనవంతులకును, కడుపునిండినవారికిని నాలుగు హెచ్చరికలు కూడ కలవు. బీదవాడని చెప్పుటకు వాడిన గ్రీకుపదము కష్టించి పొట్టపోసికొను పేదను గాక, చేయిచాచి ఒదిగి నిలుచు యాచకుని సూచించును. కనుక ఆత్మయందలి దైన్యమనగా తన్నుతాను తక్కువ చేసికొనుట కాదు. నా ప్రాణమును నిలుపునది నా ఆస్తి గాదు, భగవంతుని దయయే అని ఎరిగి, చేతులు చాచి నిలుచుటయే. ఈ జ్ఞానము ధనికునకు అసాధ్యము కాదు గాని, పేదకు సులభతరము.

మరియొక విశేషము కలదు. మొదటి ధన్యతయందును, ఎనిమిదవ దానియందును పరలోకరాజ్యము వారిదేయని వర్తమానకాలమున చెప్పబడినది. నడుమనున్న ఆరింటియందును ఫలము భవిష్యత్తునకు చెందినది: ఓదార్పు లభించును, కనికరము లభించును అని. అనగా ధన్యుడు కొంత ఇప్పుడే అనుభవించును, కొంత ఎదురుచూచును. ఈ రెండింటిలో ఏది విడిచినను బోధ వికలమగును. ఎదురుచూచుట మాత్రమే మిగిలినచో అది మరణానంతరపు ఆశగా మాత్రమే నిలుచును. ఇప్పటి అనుభవము మాత్రమే మిగిలినచో కష్టము రాగానే చెదరిపోవును.

ఈ మాటలు మన డెల్టాకు వచ్చిన విధము గమనింపదగినది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనువారు తెలుగు అనువాదము నారంభించిరి. 1812లో శ్రీరామపురమున మూడు సువార్తలును, 1818లో మదరాసున క్రొత్త నిబంధనయు తెలుగున అచ్చయ్యెను. 1836లో విలియం బౌడెన్, జార్జి బీరు అను ఇరువురు ఆంగ్లేయులు తమ భార్యలతో భారతదేశమునకు వచ్చి, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున స్థిరపడిరి. వారిలో ఒకరు రాతిపనివారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. నిర్ణీతమైన జీతము లేకుండ, దేవుడు సమకూర్చినదానితో జీవింపవలెనని వారి నియమము. 1847 నుండి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించుచుండగా, అచ్చటి కూలీల నడుమ వారు బోధించిరి. నాడు ఆరంభమైన గోదావరి డెల్టా మిషను సంఘములు క్రమముగా కోనసీమ పల్లెలకును వ్యాపించెను.

ఆ బోధ విన్నవారిలో అధికులు ఊరివెలుపలి వాడలవారు. ఆనకట్టవలన భూమి పండెను. కాని దున్నినవారిలో చాలమందికి ఆ భూమిపై హక్కు లేకుండెను. గుడి, బడి, బావి వారికి దూరమైయుండెను. ‘నీవు పుట్టుకచేతనే హీనుడవు’ అని తరతరములుగా విన్న చెవులకు ‘నీవు ధన్యుడవు’ అను మాట వినబడెను. ఈ సందర్భమున అది ఓదార్పు మాత్రమే కాదు, మనిషికి మర్యాద నొసగిన మాట.

అయినచో ఒక ఆక్షేపణ పుట్టును. ‘పేదలు ధన్యులనుట పేదరికమును మెచ్చుట గాదా? అన్యాయమును సహించి పడియుండుమని జోలపాడుట గాదా?’ ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆ బోధను అట్లు వాడుకొన్నవారును లేకపోలేదు. కాని నాలుగవ ధన్యతను చదివినవారికి ఆ శంక నిలువదు. నీతి అని మనము చదువు పదమునకు గ్రీకున వ్యక్తిశీలము, సంఘన్యాయము అను రెండర్థములును కలవు. దానికొరకు ఆకలిగొన్నవాడు ఉన్నదానితో తృప్తిపడి నిద్రించువాడు కాడు. ఆకలి మనిషిని కూర్చుండనీయదు గదా! 1941లో వెలువడిన ‘గబ్బిలము’న జాషువా మహాకవి ఒక అస్పృశ్యుని వేదనను శివునికే విన్నవింపజేసెను. 1957 నుండి 1959 వరకు మదరాసు రేడియో కేంద్రమున పనిచేసిన ఆయనయే ‘క్రీస్తు చరిత్ర’ రచించి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి నందెను. దుఃఖమును దాచక పలుకుటయు నీతికొరకైన ఆకలియే.

దుఃఖించువారు ధన్యులెట్లగుదురు? కోనసీమవారికి ఈ ప్రశ్న పుస్తకములోనిది కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానున వేయిమందికి పైగా మరణించిరి. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకొరిగెను. దేశవాళీ కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. పోయిన బిడ్డ ఎన్ని సంవత్సరములకును రాడు. ఆ దుఃఖమే ధన్యమని క్రీస్తు చెప్పలేదు. దుఃఖించువారు దేవునిచే విడువబడినవారు కారనియు, వారికి ఓదార్పు కలదనియు చెప్పెను. ఆ ఓదార్పు చాలభాగము మనుష్యుల చేతులమీదుగనే అందవలెను. అందుచేతనే తరువాతి వరుసలో దయగలవారు వచ్చుచున్నారు.

ఈ బోధ నిత్యజీవితమున ఎట్లు ఆచరణీయము? పొలముగట్టు తగాదాలో, అన్నదమ్ముల పంపకములలో, కౌలుదారుని బాకీ విషయములో ఇది పరీక్షకు నిలుచును. సాత్త్వికుడు పిరికివాడు కాడు. బలముండియు దానిని అణచుకొనువాడు. సమాధానము కూర్చువాడు తగవును చూచి ముఖము తిప్పుకొనువాడు కాడు. ఇరువురి చెంతకును నడచి న్యాయము మాట్లాడువాడు. నిర్మలహృదయుడనగా ఇంట నొకమాట, సంతలో నొకమాట లేనివాడు. ఇవి సన్న్యాసులకు మాత్రమే చెప్పిన ధర్మములు కావు, సంసారులకు సాధ్యములైనవే.

గీతయందలి స్థితప్రజ్ఞుని లక్షణములు చదివినవారికి ఈ మార్గము పరాయిదిగా తోచదు. గాంధీమహాత్ముడు ఈ ప్రసంగమును యౌవనమున చదివి, గీతతో పోల్చుకొని, దానిని హృదయమున నిలుపుకొనెను. కాని ఇచ్చట ఒక విశేషము కలదు: ధన్యత ఒంటరిగా సాధించునది కాదు. కనికరించువాడు కనికరము పొందునన్నపుడు, కనికరింపబడవలసిన రెండవ మనిషి ఒకడుండవలెను. మన సుఖమునకు మన గోడలు చాలును. మన ధన్యతకు పొరుగువాడు కావలెను. ఆ పొరుగువాని ఆకలి మన యింటిలోనిదైన దినముననే క్రీస్తు చెప్పిన ధన్యత మనకు అర్థమగును.