మరమ్మతు తరువాత మొదలైన మోత

పాత కారు సస్పెన్షన్‌కు, అంటే రోడ్డు కుదుపులు బాడీని చేరకుండా కాచే స్ప్రింగులు, షాకబ్జర్లు, ఆర్ముల అమరికకు, మరమ్మతు చేయించిన తరువాత అంతకు మునుపెన్నడూ లేని మోత మొదలైతే, యజమాని కొత్తగా వేసిన భాగం నాసిరకమని శంకిస్తాడు, మెకానిక్ ఇంకా మార్చకుండా మిగిలిన పాత భాగం మీదికి నెపం నెడతాడు. భాగాలన్నీ మంచివే అయి, వాటిని బిగించిన తీరులోనే లోపం ఉండే అవకాశాన్ని మాత్రం ఇద్దరూ చివరిదాకా తలచుకోరు. మొదట చూడవలసింది అదే.

1983 చివర భారతీయ రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800తో సహా చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన ఈ పద్ధతిని 1950లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సల్, జెఫైర్ కార్లలో వాడారు. ఇందులో షాకబ్జర్, చుట్టల స్ప్రింగు కలిసి ఒకే నిలువు స్తంభంగా ఏర్పడతాయి. దాని పైకొన రబ్బరు మౌంట్ ద్వారా బాడీకి, కిందికొన చక్రాన్ని మోసే నకిల్‌కు బిగిసి ఉంటాయి. నకిల్‌ను కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, ఒక చివర బాల్ జాయింటుతోనూ మరొక చివర రబ్బరు బుష్‌లతోనూ కదులుతుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందువల్ల, షాకబ్జర్ ఒక్కటే మార్చినా చుట్టుపక్కల భాగాలు ఎంతో కొంత కదలక తప్పదు.

లోయర్ ఆర్మ్ బుష్ పనితీరు పలువురు అనుకునేదానికి భిన్నమైనది. చాలా కార్లలో దాని రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి గట్టిగా అతికి ఉంటుంది, బోల్టు ఆ గొట్టాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది; కనుక ఆర్మ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు జరిగేది రాపిడి కాదు, రబ్బరు మెలిపడి మళ్లీ విడిపోవడం. కారును జాకీ మీదనో లిఫ్ట్ మీదనో ఎత్తి, చక్రాలు కిందికి వేలాడుతూ ఉండగానే ఈ బోల్టును బిగిస్తే, బండి నేల మీదికి దిగిన క్షణం నుంచే రబ్బరు మెలిపడిపోయి, ఆ మెలికతోనే రోజంతా నడుస్తుంది. గతుకు వచ్చినప్పుడల్లా కిర్రుమంటుంది, కాలక్రమంలో చిరిగిపోతుంది. ఎత్తిన బండి కింద పని సులువు గనుక ఈ పొరపాటు మంచి షెడ్లలోనూ జరుగుతుంది. ర్యాంపు మీదగానీ గుంత మీదగానీ బండి బరువంతా చక్రాల మీద పడేలా నిలిపి, బోల్టును వదులు చేసి, కంపెనీ చెప్పిన బలంతో టార్క్ పానాతో తిరిగి బిగిస్తే సరిపోతుంది. ఇందుకు కొత్త భాగమేదీ కొననక్కరలేదు. మోత అణగుతుందని బుష్‌కు గ్రీజు పూయడం మాత్రం తగదు, ఎందుకంటే పెట్రోలియం గ్రీజు సహజ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఆర్మ్‌ను ఉంచుకొని బుష్‌ను మాత్రమే ప్రెస్‌తో ఎక్కించుకునేవారు, రబ్బరులో ఖాళీలు ఉన్న బుష్ అయితే ఆ ఖాళీలు పూర్వం ఏ వైపు ఉండేవో ముందే గుర్తు పెట్టించుకోవాలి.

కారు బాడీ ఉక్కు రేకుతో చేసినది కావడంతో శబ్దం దాని వెంట చాలా దూరం పోతుంది. ఎడమ చక్రం దగ్గర పుట్టిన టకటక డ్రైవరు కాళ్ల కింద వినిపించవచ్చు. అందువల్ల మోత ఎక్కడ వినబడుతున్నదని కాక, ఎప్పుడు వినబడుతున్నదని అడగడం మేలు. నిలిచి ఉన్న కారులో ఒకరు స్టీరింగు తిప్పుతుండగా మరొకరు బయటి నుంచి స్ప్రింగు మీద చేయి ఆనించి చూస్తే, అది బిగుసుకొని ఒక్కసారిగా ఎగిరినట్టు తెలిస్తే దోషం పై మౌంటులోని బేరింగుదో, గాడిలో సరిగా కూర్చోని స్ప్రింగు కొనదో అవుతుంది. బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించగానే ఆగిపోయే టకటక బ్రేకు ప్యాడ్లది. నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న గతుకులకే టక్కుమంటే, రెండు చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ బార్ లింకు రాడ్లను అనుమానించాలి. ఒక వైపు లింకును విప్పి, ఏ భాగానికీ తగలకుండా పక్కకు కట్టి, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూస్తే చాలు, ఎందుకంటే ఒక కొన విడిపోతే రెండో వైపు లింకు మీద కూడా బరువు ఉండదు. ఎడతెగని గరగర చాలాసార్లు డిస్కు వెనుక వంగిన పలుచని రేకుది మాత్రమే.

ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని తిరుగుతూ కనిపెట్టదగినవి కాని శబ్దాలూ ఉన్నాయి. చక్రపు నట్లు సరిగా బిగించకపోయినా, బాల్ జాయింటు తన గాడిలో వదులైనా మొదట వచ్చేది మామూలు టకటకే. కాబట్టి మరే పరీక్షకన్నా ముందు నట్లు చూసి, బండిని స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి, ఆ జాయింటులో ఆట లేదని తేల్చుకున్న తరువాతే కారును రోడ్డెక్కించాలి.