మర్దనకూ చదువు కావాలి

ఒళ్ళు నొప్పులనగానే కాస్త నూనె వెచ్చచేసి రుద్దించుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటే. “రుద్దడానికి చదువెందుకు? చేతిలో బలం ఉంటే చాలదా?” అని చాలామంది అనుకుంటారు. చాలదు. ఎక్కడ ఎంత ఒత్తాలో, అసలు ఎప్పుడు చెయ్యి వెయ్యకూడదో తెలియకపోతే ఆ బలం మేలుకన్నా కీడే చేస్తుంది.

ఈ విద్యకు ఒక కట్టుబాటు ఉండాలని 1894లో లండన్‌లో నలుగురు నర్సులు పట్టుబట్టారు. మర్దనశాలల పేరిట అక్కడ చెడు వ్యాపారాలు సాగుతున్నాయని వైద్య పత్రిక హెచ్చరించడంతో, నిజాయితీగా ఈ పని చేసేవారికీ తలవంపులయ్యాయి. అప్పుడు ఆ నలుగురూ ఒక సంఘం పెట్టి, పరీక్ష నెగ్గినవారికే యోగ్యతాపత్రం ఇచ్చారు. డాక్టరు చెప్పనిదే మర్దన చేయరాదనీ, రోగులకు మందులు అమ్మరాదనీ నియమాలు పెట్టారు. బ్రిటన్‌లో నేటి ఫిజియోథెరపిస్టుల సంఘానికి అదే మూలం.

శిక్షణలో ముందు నేర్పవలసింది ఎముకలు, కండరాలు, నరాలు, రక్తనాళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో. ఆ తరువాతే చేతిపని. అందులో ముఖ్యమైనవి ఐదు: అరచేతితో బారుగా నిమరడం, కండను పట్టి పిసకడం, వేలికొనలతో గుండ్రంగా రుద్దడం, దోసిలిలా వంచిన చేత్తో తట్టడం, సన్నగా అదరించడం. కాళ్ళూ చేతులూ నిమిరేటప్పుడు ఒత్తిడి గుండెవైపుకు సాగాలి. మెడ ముందు భాగంలో, మోకాలి వెనుక గుంటలో గట్టిగా నొక్కరాదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం, ఎప్పుడు ఆగాలో తెలియడం. ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నవారికి, బాలింతలకు, చాలాసేపు కదలకుండా ప్రయాణం చేసినవారికి ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. బెణికిందనుకుని రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తేవచ్చు. ఆ కాలిని రుద్దకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

జ్వరం, చీముగడ్డ, పచ్చి గాయం, ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు మర్దన పనికిరాదు. గర్భిణులు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారిన వృద్ధులు, కేన్సరుకు చికిత్స పొందేవారు ముందుగా తమ డాక్టరును అడగాలి. పసిబిడ్డల ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, రొమ్ములు పిండడం ఎంతమాత్రం కూడదు.

మర్దన చేసేవారు ఇంటికి వచ్చినప్పుడు కొన్ని సంగతులు గమనించండి. నూనె అందుకునే ముందు మీ జబ్బులు, మందుల సంగతి అడిగారా? చేతులు కడుక్కున్నారా? గోళ్ళు కత్తిరించుకుని ఉన్నారా? మర్దన చేసే భాగం తప్ప తక్కిన ఒంటిని దుప్పటితో కప్పారా? నొప్పి అనగానే ఆపుతున్నారా? మందులు మానెయ్యండి, షుగరు వ్యాధి మర్దనతోనే పోతుందని చెప్పేవారిని నమ్మకండి.

దీన్ని వృత్తిగా చేపట్టదలచిన యువతీ యువకులు, నాలుగు రోజుల్లో సర్టిఫికెట్టు చేతిలో పెడతామనే చోట చేరవద్దు. శరీర నిర్మాణం బోధించి, అనుభవజ్ఞుల ఎదుట చేయించి, పరీక్ష పెట్టే చోటనే చేరాలి.

మర్దన తరువాత కొద్దిపాటి సలుపు ఉన్నా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అలా తగ్గకపోయినా, తిమ్మిరి పట్టినా, మళ్ళీ రుద్దించుకోకుండా డాక్టరును సంప్రదించండి.