కారు టైరు పంక్చర్: ఇంటి దగ్గర వేసుకోవాలా, దుకాణానికి పోవాలా?

జూనీ మిల్లు భోంగా విని తాతలు సైకిలెక్కిన కాలంలో పంక్చర్ ఇంటి పనే. గంపెడు నీళ్లు, గరుకు కాగితం, సొల్యూషన్ ట్యూబు, పాత ట్యూబు ముక్క ఉంటే చాలు. పిల్లలు నీళ్లలో బుడగ ఎక్కడ లేస్తుందో వెతికేవారు, పెద్దలు అతికేవారు. ఆ అలవాటు మన పూర్వ భాగం ఇళ్లలో ఇంకా ఉంది. సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది, ఇప్పుడు అశోక్ చౌక్ నుంచి విడి ఘర్‌కుల్ దాకా సందు సందునా కార్లు నిలబడుతున్నాయి. కారు టైరును కూడా సైకిలు ట్యూబు లెక్కనే చూసేవాళ్లు మనలో చాలామంది. ఇంట్లోనే వేసుకుంటే వంద రూపాయలు మిగులుతాయని వాళ్ల లెక్క.

ఆ లెక్క కొన్నిసార్లు సరైనదే, కొన్నిసార్లు ప్రమాదం. ఏది ఎప్పుడో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నేత తెలిసినవాళ్లకైతే ఇంకా సులువు.

టైరులోనూ పడుగు ఉంది

టైరంటే ఒట్టి రబ్బరు అనుకుంటాం. లోపల ఉన్నది గుడ్డ. టైరు కంపెనీలు వాడే కార్డ్ ఫ్యాబ్రిక్ మగ్గం మీద నేసిందే. అందులో గట్టి పడుగు పోగులు దగ్గర దగ్గరగా ఉంటాయి, పేక మాత్రం చాలా పలచన. పడుగు చెదరకుండా పట్టి ఉంచడమే ఆ పేక పని. ఈ గుడ్డకు రెండు వైపులా రబ్బరు పట్టించి టైరు కడతారు. ఇప్పటి కార్లకు వచ్చే రేడియల్ టైర్లలో ఈ పోగులు, ఎక్కువగా పాలిస్టర్‌వి, రిమ్ము ఒక అంచు నుంచి రెండో అంచు దాకా అడ్డంగా సాగుతాయి. నేలకు తగిలే భాగం కింద మాత్రం వాటి మీద ఉక్కు తీగల పట్టీలు అదనంగా ఉంటాయి.

అందుకే మేకు ఎంత పెద్దదన్న దానికంటే ఎక్కడ దిగిందన్నది ముఖ్యం. నేలకు తగిలే మధ్య భాగంలో దిగితే దాని చుట్టూ మందమైన రబ్బరు, ఉక్కు పట్టీ ఉంటాయి. అక్కడ వేసిన పంక్చర్ నిలుస్తుంది. పక్క గోడలో ఉక్కు పట్టీ ఉండదు. పలచని రబ్బరు, ఆ పోగులు తప్ప మరేమీ లేవు. చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ఆ గోడ వంగి లేస్తుంది. మగ్గం మీద పడుగు తెగితే ముడివేసి మళ్లీ నడుపుతాం. టైరులో తెగిన పోగుకు ముడి వేసే దారి లేదు. అందుకే పక్క గోడకు బెజ్జం పడితే ఇంట్లో గానీ దుకాణంలో గానీ వేసే పంక్చర్ ఏదీ పనికిరాదు. టైరు మార్చాల్సిందే. గోడకూ నేల భాగానికీ మధ్యనున్న భుజం దగ్గర పడినా ఇదే మాట.

టైరు తయారీదార్లు పాటించే ఇంకో హద్దు కూడా ఉంది. కారు టైరుకు 6 మిల్లీమీటర్లు దాటిన బెజ్జాన్ని బాగుచేయకూడదు.

ముందు చూడాల్సినవి

మన వాడల్లో టైరుకు దిగేవి ఎక్కువగా చిన్నవే. కార్ఖానా ముందు రాలిన తీగ ముక్క, పెట్టెల మేకు, ఇల్లు కట్టేచోట పడిన స్క్రూ. పొద్దున బండి తీసేటప్పుడు టైరు కొంచెం అణగి కనిపిస్తే ముందు హడావిడిగా మేకు పీకకండి. చాలాసార్లు ఆ మేకే బిరడాలా ఉండి గాలిని నెమ్మదిగా పోనిస్తుంది. పీకితే నిమిషంలో టైరు నేలకు అతుక్కుంటుంది. చేతిలో సామాను లేనప్పుడు గాలి నింపుకొని, మేకుతోనే నెమ్మదిగా దగ్గరి దుకాణానికి పోవడం మేలు.

మేకు ఏదీ కనిపించకపోతే సబ్బు నీళ్లు తీసుకోండి. ముందు వాల్వు మీద వేయండి. బుడగలు వస్తే అది పంక్చర్ కాదు, లోపలి పిన్ను వదులై ఉంటుంది లేదా పాడై ఉంటుంది. అది చిన్న ఖర్చు. తరువాత టైరు చుట్టూ, రిమ్మును తాకే అంచు చుట్టూ వేసి చూడండి.

ఇంటి దగ్గర వేసుకోవడం

ఇది ట్యూబ్‌లెస్ టైరుకే. పాత బండి ట్యూబు టైరైతే చక్రం విప్పి ట్యూబు బయటికి తీయాలి కాబట్టి దుకాణమే సులువు. ట్యూబ్‌లెస్‌కు కావలసినవి ఇవి: టీ పిడి ఉన్న గరుకు సూది, కన్ను ఉన్న రెండో సూది, జిగట పూసిన దారాలు, పట్టకారు, బ్లేడు, కారు సాకెట్‌తో నడిచే చిన్న గాలి పంపు, గాలి కొలిచే గేజి. కిట్టు కొన్ని వందల రూపాయలకు, పంపు రెండు వేల లోపో కాస్త అటూఇటూగానో దొరుకుతాయి.

ముందు బండిని సమంగా ఉన్నచోట పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచండి. ముందు చక్రమైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మేకు దిగిన చోటు చేతికి అందుతుంది, చాలాసార్లు చక్రం విప్పే పని ఉండదు. మేకు ఏ వాలున దిగిందో చూసి గుర్తుపెట్టుకొని పట్టకారుతో లాగండి. గరుకు సూదిని అదే వాలులో దింపి నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ ఆడించండి. కన్ను సూదిలో దారం సగానికి ఎక్కించి, కొసలు ఒక సెంటీమీటరు బయట మిగిలేలా లోపలికి నెట్టి, సూదిని ఒక్క ఊపున నేరుగా వెనక్కు లాగండి. దారం లోపలే ఉండిపోతుంది. మిగిలిన కొసలను కొంచెం వదిలి కోయండి. గాలి నింపి సబ్బు నీళ్లతో చూడండి. బుడగ లేకపోతే పని అయినట్టే.

గాలి ఎంతో అందాజుగా నింపొద్దు. డ్రైవరు తలుపు పక్క అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 35 పి.ఎస్.ఐ. మధ్య ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మన షోలాపూర్ ఎండ వేసవిలో 42 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో నడిచి వచ్చిన టైరులో గాలి పెరిగి కనిపిస్తుంది. అది చూసి గాలి వదిలేస్తే మరునాడు పొద్దున తక్కువ పడుతుంది.

ఇంకో జాగ్రత్త. సొల్యూషన్ వాడితే అది ఇట్టే అంటుకునే సరుకు. పక్కన కూర్చుని బీడీ వెలిగించొద్దు.

ఇంటి పని చూడలేనిది

బయటి నుంచి దారం వేసినప్పుడు టైరు లోపల ఏముందో మనకు కనబడదు. ఈ పద్ధతిలో పెద్ద లోపం ఇదే.

మేమూ ఈ తప్పు చేశాం. ఒక వేసవిలో పెండ్లికి హైదరాబాద్ బయలుదేరే ముందు రోజు వెనక టైరులో స్క్రూ కనిపించింది. రాత్రంతా గాలి పోయి టైరు అణగి ఉంది. అయినా చౌక్‌లో గాలి నింపేచోటు దాకా అలాగే నడిపాం. ఇంటికొచ్చి దారం వేసుకున్నాం, బుడగ రాలేదు, సంతోషపడ్డాం. స్క్రూ భుజానికి దగ్గరగా ఉందని తెలిసీ పట్టించుకోలేదు. బండిలో ఆరుగురం, డిక్కీ నిండా సామాను. ఉమర్గా దాటి హుమ్నాబాద్ చేరకముందే బండి ఒక పక్కకు లాగడం మొదలైంది. అదృష్టం కొద్దీ వేగం తక్కువ. టైరు విప్పినాయన లోపల చెయ్యి పెట్టి నల్లని రబ్బరు పొడి గుప్పెడు తీసి చూపించాడు. గాలి లేకుండా నడిపినప్పుడు గోడ నలిగి లోపల అరిగిపోయింది. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే ఉంది. అదే గోడ వంద వేగంలో పగిలి ఉంటే ఏమయ్యేదో ఆ పొడి చూశాకే మాకు తెలిసొచ్చింది.

అందుకే గాలి లేని టైరుతో కొంచెం దూరమైనా నడిపి ఉంటే దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. విప్పి లోపల చూడాల్సిందే.

దుకాణంలో ఏం అడగాలి

దుకాణానికి పోయినంత మాత్రాన మంచి పని జరుగుతుందని లేదు. చాలాచోట్ల వాళ్లూ మనం ఇంట్లో వేసే దారమే ఐదు నిమిషాల్లో వేసి పంపుతారు. వంద, నూటయాభై తీసుకుంటారు. దానికోసమైతే పోవాల్సిన పని లేదు. పోయినప్పుడు అడగాల్సింది వేరు. మరాఠీలో అడగాలంటే, ‘భావు, టాయర్ కాఢూన్ ఆతూన్ బఘా’ అనండి. టైరు రిమ్ము నుంచి విప్పి లోపల చూడమని.

లోపల బాగుంటే సరైన పద్ధతి మష్రూమ్ ప్యాచ్. కుక్కగొడుగు ఆకారంలో ఉంటుంది. కాడ బెజ్జంలో దిగి దాన్ని నింపుతుంది, గొడుగు లోపలి గోడకు అతుక్కుంటుంది. రెండూ కావాలి. ఒట్టి ప్యాచ్ వేస్తే గాలి ఆగుతుంది గానీ బయటి నుంచి వాన నీరు బెజ్జంలోకి దిగి ఉక్కు తీగలను తుప్పు పట్టిస్తుంది. ఒట్టి దారం వేస్తే లోపలి పొర తెరిచే ఉంటుంది. మష్రూమ్‌కు దారం కంటే రెండు మూడింతలు ఖర్చవుతుంది, అరగంట పడుతుంది. టైరు మళ్లీ ఎక్కించాక బ్యాలెన్సింగ్ కూడా చేయించుకోండి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది.

అక్కడ ఉన్నప్పుడే ఇంకో రెండు చూడండి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే పంక్చర్ ఖర్చు దండగ, కొత్తది కొనాలి. టైరు గోడ మీద డి.ఓ.టి. అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. పాత బండి కొనేవాళ్లు, స్టెప్నీని ఏళ్ల తరబడి చూడనివాళ్లు ఈ అంకెలు తప్పక చూడాలి.

దారిలో అయితే

హైదరాబాద్ రోడ్డు మీద గానీ విజాపూర్ రోడ్డు మీద గానీ టైరు పోతే మొదటి పని రోడ్డుకు వీలైనంత ఎడమకు తీసి, నాలుగు దీపాలు మినుకుమినుకుమనేలా పెట్టి, వెనక ఎర్ర త్రికోణం నిలబెట్టడం. పిల్లలనూ పెద్దవాళ్లనూ దించి రోడ్డుకు దూరంగా కూర్చోబెట్టండి. రోడ్డు అంచున, రాత్రిపూట దారం వేసే ప్రయత్నం వద్దు. స్టెప్నీ మార్చుకొని కదలడమే మంచిది. బండి పైకి లేపకముందే నట్లు కొంచెం వదులు చేయాలి. ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. జాక్ మీద నిలిచిన బండి కిందికి చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు. నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాలి. కొంత దూరం నడిచాక మళ్లీ పానా వేసి చూడాలి. స్టెప్నీ మామూలు టైరు కంటే సన్నగా ఉంటే దాని మీద రాసిన వేగం, ఎక్కువగా 80 కిలోమీటర్లు, దాటొద్దు. జాతీయ రహదారి మీద సాయం కావాలంటే 1033కు ఫోను చేయవచ్చు.

కొత్త బండి కొన్నవాళ్లు డిక్కీ ఒకసారి తెరిచి చూసుకోండి. టైరు గాలి చూపే ఏర్పాటు, ట్యూబ్‌లెస్ రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకపోయినా చెల్లుతుందని 2020లో మోటారు వాహనాల నియమాలు మార్చారు. మీ బండిలో స్టెప్నీ లేదన్న సంగతి సగం దారిలో తెలియకూడదు.

చివరి లెక్క

నేల భాగం మధ్యలో చిన్న మేకు, గాలి లేకుండా నడపలేదు, ఊళ్లో తిరిగే బండి. ఇలాగైతే ఇంటి దగ్గర దారం వేసుకోండి, తప్పు లేదు. కానీ దాన్ని తాత్కాలికమనే అనుకోండి. ఊరు దాటి పోయే ముందు దుకాణంలో విప్పించి మష్రూమ్ వేయించండి. మేకు భుజం దగ్గరో గోడలోనో దిగితే, బెజ్జం పెద్దదైతే, అణగిన టైరుతో నడిపి ఉంటే ఇంటి పని వద్దు.

కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చుట్టాలున్న ఇళ్లు మనవి. పెండ్లికైనా చావుకైనా మూడు వందల కిలోమీటర్లు బండి తీస్తాం, ఇంటిల్లిపాదీ ఎక్కుతాం. బయలుదేరే ముందు రోజు సాయంత్రం నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలో కూడా గాలి చూడండి. పది నిమిషాల పని.