చైనాలో మొదటి పక్షం రోజులు

ఒకప్పుడు మన ఇళ్ళలో పిల్లలు పైదేశం వెళ్తున్నారంటే అమెరికా అనే అర్థం. బ్యాంకులో విద్యా రుణాల బల్ల దగ్గర కూర్చునే నాబోటివాడికి ఆ అర్థం ఎప్పుడో మారిపోయింది. డాక్టరు చదువు కోసం రష్యా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్ అంటూ వచ్చేవారిలో చైనా పేరు చెప్పేవారూ ఉన్నారు. కరోనాకు ముందు చైనా విశ్వవిద్యాలయాల్లో పేరు నమోదు చేసుకున్న భారతీయ విద్యార్థులు 23 వేలకు పైమాటే. వారిలో ఎక్కువమంది వైద్య విద్యార్థులు, అందులో మన తెలుగు పిల్లలు చెప్పుకోదగినంత మంది.

తల్లిదండ్రులు నన్ను ఫీజు గురించి, వడ్డీ గురించి గంటసేపు అడుగుతారు. దిగిన రోజున పిల్ల ఏం తింటుంది, దేనితో డబ్బు కడుతుంది, ఇంటికి ఎలా మాట్లాడుతుంది అని అడిగినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మా హొసకోటె అమ్మాయి ఒకతె 2024 సెప్టెంబరులో వెళ్ళింది. ఆమె మొదటి పదిహేను రోజుల ముచ్చట కొంత వాళ్ళ నాన్న ద్వారా, మిగతాది చైనా కొత్త సంవత్సరం సెలవులకు వచ్చినప్పుడు ఆమె నోటనే విన్నాను. రాయమంది, పేరు మాత్రం వద్దంది.

ఆ కుటుంబానిది మదనపల్లె వైపు. హొసకోటె బస్టాండు దగ్గర ఎరువుల అంగడి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. అంగడికి వచ్చే రైతుల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళుంటే వాళ్ళతో ఉర్దూ. అమ్మాయి నీట్ పాసయింది గానీ ఇక్కడ ప్రభుత్వ సీటుకు ఆ మార్కులు చాలలేదు, ప్రైవేటు సీటుకు నాన్న జేబు చాలలేదు. (విదేశంలో వైద్యం చదవాలన్నా 2018 నుంచి నీట్ పాసవడం తప్పనిసరి. ఇది తెలియక ఇప్పటికీ వచ్చేవాళ్ళున్నారు.) చివరికి జియాంగ్సు రాష్ట్రంలో ఒక వైద్య విశ్వవిద్యాలయం కుదిరింది. ఏడాదికి ఫీజు 34,000 యువాన్లు, అంటే మన లెక్కలో నాలుగు లక్షల చిల్లర. రుణం ఏడున్నర లక్షలు దాటితే తనఖా కావాలి కనుక మాలూరు రోడ్డులో ఉన్న ఒక్క సైటూ పెట్టారు. విదేశీ చదువుకు నూటికి 15 వంతు సొంత వాటా వేసుకోవాలి. దానికి అమ్మ గాజులు పోయాయి.

కాగితాలన్నీ అయ్యాక ఇంట్లో పెద్దావిడ అడ్డుపడింది. 2020 జూన్ 15న గాల్వాన్ లోయలో మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు ప్రాణం పోయిన సంగతి ఆమె టీవీలో చూసింది. "ఆ దేశానికా పిల్లను పంపేది?" అంది. కొడుకు దగ్గర జవాబు లేదు. "డాక్టరై రానీ అత్తమ్మా, మనమేమన్నా యుద్ధానికి పంపుతున్నామా" అని కోడలే సర్దిచెప్పిందట.

అప్పటికి రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు లేవు. కరోనాతో ఆగినవి 2025 అక్టోబరులో గానీ మళ్ళీ మొదలుకాలేదు. అమ్మాయి బెంగళూరు నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి షాంఘై, ఆపైన గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు. అన్నీ అద్దంలా ఉన్నాయని మురిసిపోతూ రాత్రి తొమ్మిదికి హాస్టలు చేరితే, గదిలో చెక్క మంచం ఉంది, పరుపు లేదు. అక్కడ పరుపు, దుప్పటి, దిండు ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలట. కింద అంగడి తెరిచే ఉంది. ఈమె చేతిలో నూరు యువాన్ల నోట్లున్నాయి. అంగడామె నోటు వద్దని తల ఊపి గోడమీద అతికించిన గళ్ళ బొమ్మను చూపించింది. నోటు కాదనకూడదని అక్కడా నియమం ఉంది గానీ, చిల్లర పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు. అందరూ వీచాట్, అలీపే అనే రెండు యాప్‌లతోనే కడతారు. మనం ఫోన్‌పే చేసినట్టే. మొదటి రాత్రి అమ్మాయి చున్నీ పరుచుకుని పడుకుంది.

ఆ యాప్‌లు ముందే పెట్టుకుని వెళ్ళవలసింది కదా అంటారేమో. వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. ఇక్కడ ఉండగా దాన్ని పెట్టుకునే వీలు లేదు. అక్కడ దిగాక పెట్టుకుందామన్నా అప్పటికే వీచాట్ వాడుతున్నవారెవరో హామీ పడాలి. మన బ్యాంకు ఖాతాకు పాతకాలంలో పరిచయకర్త సంతకం అడిగేవాళ్ళం చూడండి, అలాగన్నమాట. గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన ఒక సీనియరు అమ్మాయి ఆ పని చేసిపెట్టింది. పరుపు కూడా ఆమే కొనిచ్చింది.

2023 నుంచి విదేశీ కార్డులను కూడా ఆ యాప్‌లకు జతచేసుకోనిస్తున్నారు. మా అమ్మాయి తన ప్రయాణపు కార్డు జతచేయబోయింది. కార్డు ఆమె పేరునే ఉంది గానీ దరఖాస్తులో ఫోను నంబరు నాన్నది రాశారు. ఓటీపీ హొసకోటెలో నాన్న ఫోనుకు వచ్చింది. "నాన్నా, నంబరు చెప్పు" అని కూతురి నుంచి మెసేజి. ఆయనకు అనుమానం వచ్చింది. కూతురి పేరు పెట్టుకుని ఎవరో దొంగలు అడుగుతున్నారనుకుని ఫోను కట్టేసి నేరుగా మా శాఖకు వచ్చాడు. "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మీరే కదా సార్ బోర్డు పెట్టారు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కార్డు తీసుకున్నచోట నంబరు మార్పించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అమ్మాయి సీనియరు దగ్గర అప్పు.

ఇక అక్కడి బ్యాంకు ఖాతా. అది ఒక గొలుసు. ఖాతా కావాలంటే అక్కడి ఫోను నంబరు కావాలి. ఫోను నంబరుకు పాస్‌పోర్టు చూపాలి. దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర బస నమోదు కావాలి. కళాశాల హాస్టలైతే వాళ్ళే చూసుకుంటారు. దీర్ఘకాలపు చదువు వీసా మీద వెళ్ళినవారు 30 రోజుల్లోగా నివాస పర్మిట్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి ముందు రక్తపరీక్ష, ఎక్స్‌రేలతో వైద్యపరీక్ష. పర్మిట్టు కోసం పాస్‌పోర్టు వాళ్ళకిస్తే తిరిగి వచ్చేదాకా మిగతా పనులన్నీ కుంటుపడతాయి. కనుక ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలిసి ఉండాలి.

మా అమ్మాయి గొలుసు తెగింది పేరు దగ్గర. మన దక్షిణాది పాస్‌పోర్టుల్లో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఫోను అంగడిలో ఆమె పేరును ఖాళీలు లేకుండా కలిపి రాశారు. బ్యాంకులో విడదీసి, ముందుది వెనక్కి మార్చి రాశారు. రెండూ సరిపోలలేదని యాప్ ఒప్పుకోలేదు. మళ్ళీ ఫోను అంగడికి, మళ్ళీ బ్యాంకుకు. ఆధార్‌లో ఒకలా పాన్‌లో ఒకలా పేరున్న ఖాతాదారులతో రోజూ వేగుతున్న నాకు ఇది వింటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. తమాషా ఏమిటంటే చైనావాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. ఆ సంగతి తెలిసిన టీచరమ్మ "నీ ఇంటిపేరేది?" అని అడిగి, దాని మొదటి అక్షరానికి దగ్గరగా ఉన్న చైనా ఇంటిపేరొకటి పెట్టి, మూడక్షరాల పేరు తయారుచేసి ఇచ్చింది.

తిండి సంగతి చెప్పకపోతే మన ఆడవాళ్ళు ఒప్పుకోరు. హొసకోటె అంటే బెంగళూరువాళ్ళకు తెల్లవారకముందే లైను కట్టి తినే బిర్యాని. ఈ పిల్ల శాకాహారి కాదు, అయినా మొదటి వారం పస్తులే. అక్కడ ఊరికే మాంసం అంటే వాడుకలో పందిమాంసమని అర్థం. కూరగాయల వేపుడులో కూడా రుచికని నాలుగు ముక్కలు వేస్తారు. జియాంగ్సు వంట కాస్త తీపి పాళ్ళది, మన నాలుకకు అది ఇంకో దెబ్బ. (సిచువాన్, హునాన్ వైపు వెళ్ళిన పిల్లలకు కారానికి కొదవ లేదు.) అన్నం ముద్దగా అంటుకుంటుంది. మంచినీళ్ళు అడిగితే వేడినీళ్ళిస్తారు. హాస్టలులో ప్రతి అంతస్తుకూ వేడినీళ్ళ కొళాయి ఉంటుంది, చేతిలో ఫ్లాస్కు లేని విద్యార్థి కనిపించడు. టీలో పాలు ఉండవు. ఆరో రోజున క్యాంటీనులో ఒక పళ్ళెం చూసి అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. టమాటాలు, కోడిగుడ్లు కలిపి వేయించిన కూర. అచ్చం మన ఇళ్ళలో చేసుకునేదే, ఉల్లిపాయా కారమూ తక్కువ. చైనాలో ప్రతి ఇంటా చేసే వంటకమట అది. అమ్మ ఇచ్చిన కందిపొడి దానిమీద చల్లుకుని తింది.

ఇంటితో మాటలు మరో కథ. అక్కడ వాట్సాప్ పనిచేయదు, గూగుల్ తెరుచుకోదు. ఇక్కడ వీచాట్ లేదు. అంటే తల్లి దగ్గర ఉన్నది కూతురి దగ్గర లేదు, కూతురి దగ్గర ఉన్నది తల్లి దగ్గర లేదు. మన సిమ్‌కు రోమింగు ఉన్నంతకాలం వాట్సాప్ నడిచింది. ప్యాకు అయిపోయాక మూడు రోజులు చప్పుడు లేదు. ఆ మూడు రోజులూ తల్లి అన్నం ముట్టలేదు. నాలుగో రోజు మామూలు ఐఎస్‌డీ కాల్ వచ్చింది. అమ్మాయి ఏడ్చింది, వచ్చేస్తానంది. తల్లి కూడా వచ్చెయ్యమనే అంది. తండ్రి మాత్రం ఫోను తీసుకుని ఏమీ అనకుండా చాలాసేపు పట్టుకున్నాడట. తనఖా కాగితం ఆయన కళ్ళముందు ఉంటుంది కదా. చివరికి "పది రోజులు చూడు తల్లీ, అప్పటికీ కాకపోతే నేనే టికెట్టు తీస్తాను" అన్నాడు.

తల్లి భయం ఊరికే పుట్టింది కాదు. తిరుపతి దగ్గర పెట్టబోయే టీసీఎల్ వారి ప్యానెల్ ఫ్యాక్టరీ కోసం ఆంధ్ర ఇంజనీరింగు కాలేజీల్లో ఎంపిక చేసిన కొత్త పట్టభద్రులు 2019లో శిక్షణకు వూహాన్ వెళ్ళారు. చదువు ముగిసీ ముగియకముందే ఉద్యోగం, అదీ విదేశంలో అని మురిసిన ఇళ్ళు అవి. 2020 జనవరిలో ఆ నగరం మూతపడేనాటికి వాళ్ళలో 58 మంది అక్కడే ఉన్నారు. జనవరి 31 రాత్రి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానంలో 324 మంది వచ్చారు, అందులో 56 మంది ఆంధ్రవారు. ఒళ్ళు కాస్త వేడిగా ఉందని కొందరిని ఎక్కనివ్వలేదు. వాయుసేన విమానం ఫిబ్రవరి 27న తిరిగి వచ్చేదాకా చైనాలో చిక్కుకున్న మనవాళ్ళు ఇంకా ఉన్నారు. సెలవులకు ఇళ్ళకొచ్చిన వైద్య విద్యార్థుల గతి ఇంకోలా అయింది. 2022 ఆగస్టులో వీసాలు మళ్ళీ ఇచ్చేదాకా రెండున్నరేళ్ళు వాళ్ళు ఇంట్లో కూర్చుని ఫోనులో శవపరీక్షలు చూశారు. ఆ పిల్లల రుణాల గడువులు పొడిగించమని అడుగుతూ వచ్చిన తండ్రుల ముఖాలు నాకింకా గుర్తే.

"ఖాళీ వేళల్లో ఏదన్నా చిన్న పని చేసుకుంటే?" అని మా అంగడాయన అడిగాడు. అమెరికా కథలు విన్న ప్రభావం. చదువు పర్మిట్టు మీద ఉన్నవారు విశ్వవిద్యాలయం, పోలీసు శాఖల అనుమతి లేకుండా అక్కడ పని చేయకూడదు. 2013 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. అనుమతి లేకుండా ట్యూషన్లు చెప్పినా తప్పే. ఆరేళ్ళ ఖర్చూ ఇక్కడి నుంచే వెళ్ళాలని లెక్క వేసుకోవాలి.

అయితే అక్కడ అసలు పని మరొకటుంది, అది భాష. పాఠాలు ఇంగ్లీషులోనే, కానీ ఆస్పత్రిలో పడుకున్న ముసలాయన ఇంగ్లీషులో మూలగడు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్పు నాటికి రోగితో చైనా భాషలో మాట్లాడగలగాలి. హెచ్‌ఎస్‌కే అనే పరీక్ష నాలుగో మెట్టు దాటాలని విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. పాత పద్ధతిలో దానికి 1,200 మాటలు రావాలి. మాటలు చిన్నవే, చిక్కంతా స్వరంలో. 'మై' అనే మాటను కిందికి దించి పైకి లేపితే కొనడం, ఒక్కసారిగా కిందికి దింపితే అమ్మడం. బ్యాంకువాణ్ణి, నాకు ఇది వింటేనే గుండె ఝల్లుమంది. ఈ ఒక్క విషయంలో మన సరిహద్దు ఊళ్ళ పిల్లలకు ఒక మేలు ఉందని నా అభిప్రాయం. నేను చిత్తూరు జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చినప్పుడు కన్నడం ఒక్క ముక్క రాదు. కౌంటరు దగ్గర తప్పులు మాట్లాడుతూనే నేర్చుకున్నాను, నవ్వినవాళ్ళు నవ్వారు. ఈ పిల్ల అలాంటి ఊళ్ళోనే పుట్టింది. వారం తిరిగేసరికి క్యాంటీనామెతో బేరాలకు దిగింది.

తిరిగి వచ్చాక మనదేశపు పరీక్ష ఒకటుంది. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి ఆ పరీక్ష రాసినవారు 40,417 మంది అయితే పాసైనవారు 6,387 మంది. మన రాయబార కార్యాలయం 2022లో వెల్లడించిన లెక్క ఇది. పంపేవారు దీన్ని ఫీజు పట్టిక కన్నా ముందు చూడాలి. ఏజెంట్లు చూపించరు. ఈ కాగితం అచ్చు తీసి నేను అంగడాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కూతురికి పంపాడు. ఆమె గోడకు అంటించుకుందట.

పది రోజుల గడువులో ఎనిమిదో రోజుకే టికెట్టు మాట ఆగిపోయింది. ఇప్పుడామె రెండో సంవత్సరం. చదువు కాలమూ, ఆపైన ఒక ఏడాదీ కంతులు కట్టనక్కరలేదు, అయినా వాళ్ళ నాన్న నెలనెలా వడ్డీ కట్టిపోతున్నాడు. మొన్న రసీదు జేబులో పెట్టుకుంటూ, హాస్టలు వంటగదిలో ఆదివారం పులిహోర చేసుకున్నారని, పక్కగది చైనా పిల్ల రెండుసార్లు పెట్టించుకు తిందని చెప్పాడు. చింతపండు ఇంకో కిలో పంపమందట. కొత్తగా వెళ్ళే కోలారు కుర్రాడి పెట్టెలో చోటుందేమో కనుక్కోమన్నాడు.