హెల్త్ కార్డు ఉంది కదా, ఇంకో బీమా ఎందుకు?
రిటైరైన వారు అదనపు ఆరోగ్య బీమా ఎంచుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు



వైద్య సహాయం కోరుతూ మా సొసైటీకి వచ్చే దరఖాస్తులన్నీ నిరుపేద కుటుంబాల నుంచే వస్తాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం అలాంటివే. అయితే వాటి మధ్యలో రిటైరైన ఉపాధ్యాయులవి, ప్రభుత్వ కార్యాలయాల్లో ముప్పై ఏళ్లు పనిచేసి దిగినవారివి కూడా కనిపిస్తున్నాయి. వారికి నెలనెలా పింఛను వస్తుంది. చేతిలో ప్రభుత్వ హెల్త్ కార్డు ఉంటుంది. నిన్నమొన్నటి దాకా రంజాన్ నెలలో జకాత్, సదఖా ఇచ్చి మా దగ్గర రసీదు తీసుకున్నవారే. ఒక పెద్ద ఆపరేషన్ బిల్లు వారిని ఇచ్చే వరుసలోంచి అడిగే వరుసలోకి తెచ్చింది. అడగడానికి వారు పడే బిడియం చూస్తే మాకే బాధ కలుగుతుంది.

ఇలాంటి పరిస్థితి చాలా వరకు ముందుచూపుతో తప్పించుకోదగినది. అందుకే ఈ ఏటి సంచికలో ఈ విషయం రాస్తున్నాం. మేము ఏ కంపెనీ పాలసీలూ అమ్మం, ఎవరి పేరూ సిఫారసు చేయం.

కార్డు ఏం చేస్తుంది?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రిటైరైన వారికి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య రక్షణ ముఖ్యంగా నాలుగు రకాలు. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఈహెచ్‌ఎస్. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు సీజీహెచ్‌ఎస్. మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్. వీటితోపాటు 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు. ఇది 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. భార్యాభర్తలిద్దరూ 70 దాటినవారైతే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉన్నవారు తమ పాత పథకమో, వయ వందనో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవారికి ఆ ఇబ్బంది లేదు, రెండూ ఉంచుకోవచ్చు.

ఈ కార్డులు చిన్నవి కావు. వయసు ఎంతైనా, బీపీ, షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉన్నా మొదటి రోజు నుంచే పనిచేస్తాయి. ఏ ప్రైవేటు కంపెనీ కూడా అంత సులువుగా ఈ సౌకర్యం ఇవ్వదు. కాబట్టి ప్రైవేటు పాలసీ తీసుకున్నామని ప్రభుత్వ కార్డును ఎవరూ వదులుకోవద్దు. పింఛనుదారు మరణిస్తే ఫ్యామిలీ పింఛను పొందే భార్యకు లేదా భర్తకు కూడా వైద్య సౌకర్యం ఉంటుంది. కానీ కాగితాల మీద పేరు మార్పించుకోవాలి. ఇద్దత్ ముగిశాక చూద్దాంలే అని ఏళ్ల తరబడి వదిలేసిన కుటుంబాలు ఉన్నాయి.

కార్డు ఎక్కడ ఆగిపోతుంది?

అదనపు బీమా కొనేముందు ‘నా కార్డులో ఖాళీ ఎక్కడ ఉంది?’ అని అడగాలి. సాధారణంగా ఖాళీలు నాలుగు చోట్ల ఉంటాయి.

మొదటిది ఆసుపత్రి. కార్డు పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే నగదు లేకుండా చికిత్స జరుగుతుంది. రాత్రి వేళ గుండెనొప్పి వస్తే పిల్లలు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళతారు. అది జాబితాలో ఉందో లేదో చూసే తీరిక అప్పుడు ఉండదు.

రెండవది చికిత్స. ప్రభుత్వ పథకాలు ప్యాకేజీల మీద నడుస్తాయి. ఫలానా ఆపరేషన్‌కు ఫలానా రేటు అని ముందే నిర్ణయమై ఉంటుంది. జాబితాలో లేని చికిత్సకు, కొత్తగా వచ్చిన ఖరీదైన మందుకు దారి కష్టం.

మూడవది రేటు. చేతి డబ్బు కట్టి తరువాత రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకుంటే, ఆసుపత్రి వేసిన బిల్లు మొత్తం రాదు. ప్రభుత్వం ఒప్పుకున్న రేటు మేరకే వస్తుంది. అది కూడా కొన్ని నెలలు పట్టవచ్చు.

నాలుగవది రోజువారీ ఖర్చు. నెలనెలా మందులు, పరీక్షలు, పళ్లు, కళ్లద్దాలు. ఈ ఖాళీని మామూలు ప్రైవేటు పాలసీ కూడా పూడ్చదు, ఎందుకంటే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. దీనికి పింఛనులోంచే కొంత పక్కన పెట్టుకోవాలి.

మీ ఊళ్లో మీరు నిజంగా వెళ్లే రెండు మూడు ఆసుపత్రులకు వెళ్లి, మీ కార్డు తీసుకుంటారా, ఏ విభాగాలకు తీసుకుంటారు అని అడిగి రాసుకోండి. ఒక పూట పని. దీని తరువాతే ఏజెంటుతో మాట్లాడండి.

టాప్-అప్, సూపర్ టాప్-అప్

అరవై దాటిన వారికి మొదటి రూపాయి నుంచి కట్టే పూర్తి పాలసీ ప్రీమియం బరువుగా ఉంటుంది. అందుకే ప్రభుత్వ కార్డు ఉన్నవారికి చాలామంది సూపర్ టాప్-అప్ సూచిస్తారు. ఇందులో ‘డిడక్టబుల్’ అనే గీత ఒకటి ఉంటుంది. బిల్లు ఆ గీత దాటాకే కంపెనీ కట్టడం మొదలుపెడుతుంది. గీత ఎంత పైన ఉంటే ప్రీమియం అంత తక్కువ.

టాప్-అప్‌కూ సూపర్ టాప్-అప్‌కూ తేడా పేరులో చిన్నది, డబ్బులో పెద్దది. గీత 3 లక్షలు అనుకుందాం. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు, ప్రతిసారీ బిల్లు రెండున్నర లక్షలు. టాప్-అప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది. ఏదీ 3 లక్షలు దాటలేదు కనుక ఏమీ రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది బిల్లులన్నీ కలిపి చూస్తుంది. మొత్తం 5 లక్షలు, గీత దాటిన 2 లక్షలు కంపెనీ కడుతుంది. వృద్ధాప్యంలో ఒకే జబ్బుకు పదేపదే చేరవలసి వస్తుంది గనుక సూపర్ టాప్-అప్పే మేలు.

గీత ఎక్కడ గీయాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘మీ కార్డులో 5 లక్షలు ఉన్నాయి కదా, 5 లక్షల డిడక్టబుల్ పెట్టుకోండి, ప్రీమియం తగ్గుతుంది’ అని ఏజెంటు చెబుతాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కార్డు పనిచేసిన చోట మీకు ప్రైవేటు పాలసీతో పెద్దగా పని పడదు, ప్యాకేజీలో చికిత్స జరిగిపోతుంది. ప్రైవేటు పాలసీ కావలసింది కార్డు పనిచేయని చోట. అక్కడ ఆ 5 లక్షలు ఎవరు కడతారు?

లెక్క చూడండి. జాబితాలో లేని ఆసుపత్రిలో 7 లక్షల బిల్లు అయింది. డిడక్టబుల్ 5 లక్షలైతే కంపెనీ 2 లక్షలు కడుతుంది, మిగతా 5 లక్షలు మీ జేబులోంచే. డిడక్టబుల్ 2 లక్షలైతే కంపెనీ 5 లక్షలు కడుతుంది, మీరు 2 లక్షలు కడతారు.

కాబట్టి డిడక్టబుల్ నిర్ణయించేది కార్డు పరిమితిని చూసి కాదు, మీ సొంత పొదుపును చూసి. నగలు తాకట్టు పెట్టకుండా, పొలం అమ్మకుండా, పిల్లల ముందు చెయ్యి చాచకుండా వారం రోజుల్లో మీరు ఎంత తీయగలరు? మీ గీత అంతకు మించకూడదు. రిటైరైనప్పుడు వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు ఇంటికి, అమ్మాయి నికాహ్‌కు, హజ్ యాత్రకు సర్దుబాటయ్యేటప్పుడే ఈ మొత్తాన్ని కూడా విడిగా తీసి పెట్టాలి. ఈ నిధి, కార్డు, పాలసీ మూడూ కలిస్తేనే రక్షణ పూర్తవుతుంది.

ఎప్పుడు కొనాలి?

రిటైరయ్యాక కాదు, అంతకు ముందే. ఉన్న జబ్బులకు కంపెనీ పెట్టే వెయిటింగ్ పీరియడ్ 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు. శుక్లాలు, మోకాళ్ల మార్పిడి, హెర్నియా వంటి వాటికీ విడిగా వెయిటింగ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగ విరమణ వయసు 62, తెలంగాణలో 61. యాభై ఏడు, యాభై ఎనిమిది ఏళ్లకే పాలసీ తీసుకుంటే సర్వీసులో ఉండగానే ఆ గడువు తీరిపోతుంది.

ఇప్పటికే రిటైరైన వారు నిరాశ పడనక్కర్లేదు. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న పాత పరిమితిని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తొలగించింది. 60 దాటిన వారి ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా తమను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు.

ఫారంలో నిజమే రాయాలి

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న పిల్లలు అబ్బా, అమ్మీల పేరిట ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకుంటున్నారు. మంచిదే. కానీ అబ్బాకు పదేళ్లుగా షుగర్ ఉందన్న సంగతి ఫారం నింపే కొడుకుకు తెలియకపోవచ్చు, తెలిసినా ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు వద్దనవచ్చు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ ఆసుపత్రి కేసు షీటు చూస్తుంది. ‘పదేళ్లుగా మధుమేహం’ అని అందులో డాక్టరు రాసి ఉంటాడు. అక్కడ క్లెయిమ్ ఆగుతుంది. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించరాదన్న నియమం ఉంది. అయినా దాని మీద ఆశ పెట్టుకుని అబద్ధం రాయడం మనకు తగదు. ఫారం చదివించుకుని, విని, సంతకం పెట్టండి.

పాలసీ కాగితంలో చూడవలసినవి

• కో-పే: ప్రతి బిల్లులో మీరు భరించవలసిన వాటా. 20 శాతం కో-పే అంటే 5 లక్షల బిల్లులో లక్ష మీది.
• గది అద్దె పరిమితి: పరిమితికి మించిన గది తీసుకుంటే గది అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడవచ్చు.
• జబ్బువారీ పరిమితులు: కంటి ఆపరేషన్‌కు ఇంతే, మోకాలికి ఇంతే అని రాసి ఉందేమో చూడాలి.
• నెట్‌వర్క్: మీరు ముందు రాసుకున్న ఆసుపత్రులు ఇందులో ఉన్నాయా? కార్డు జాబితాలో లేని మంచి ఆసుపత్రి ఇందులో ఉంటేనే పాలసీకి విలువ.

పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు. ఆ నెలలోనే మొత్తం చదవండి. పాత పన్ను విధానంలో ఉన్న సీనియర్ సిటిజన్లకు ఏడాదికి 50,000 రూపాయల వరకు ప్రీమియం మీద మినహాయింపు కూడా ఉంది.

క్లెయిమ్ వేళ

క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోగా, డిశ్చార్జి బిల్లు మీద మూడు గంటల్లోగా కంపెనీ నిర్ణయం చెప్పాలని నియమం. సీజీహెచ్‌ఎస్ వారు ముందు బీమా కంపెనీ నుంచి తీసుకుని, మిగిలిన మొత్తానికి సీజీహెచ్‌ఎస్‌కు పెట్టుకోవచ్చు. అక్కడ వారి రేట్ల మేరకే వస్తుంది, రెండూ కలిపి అసలు ఖర్చును మించకూడదు. అందుకే ప్రతి బిల్లుకూ నకళ్లు తీసి ఉంచండి.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

బీమా వద్దనుకునే వారికి

వాణిజ్య బీమా విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వడ్డీ, అనిశ్చితి కారణంగా కొందరు వద్దంటారు. నేటి వైద్య ఖర్చులను అవసరంగా భావించి కొందరు అనుమతిస్తారు. తకాఫుల్ పద్ధతిలో నడిచే ఆరోగ్య బీమా మన దేశంలో అందుబాటులో లేదు. ఇందులో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు, మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. వద్దనుకున్నవారు ఊరికే ఉండిపోకూడదు. ప్రీమియానికి పోయే సొమ్మును ఏటా వైద్య నిధిగా వేరుగా ఉంచండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి పెద్దల కోసం ఉమ్మడి నిధి పెట్టుకోవచ్చు. అలాంటి వారు కార్డు చెల్లే ఆసుపత్రుల జాబితాను ఇంకా జాగ్రత్తగా దగ్గర ఉంచుకోవాలి.

ఒక తెల్ల కాగితం మీద మీ కార్డు నంబరు, అది చెల్లే ఆసుపత్రులు, పాలసీ నంబరు, వాడే మందులు, నిధి ఏ ఖాతాలో ఉందో రాసి ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. మీ శ్రీమతికి చదివి వినిపించండి. జబ్బు, స్వస్థత అల్లాహ్ చేతిలో ఉన్నాయి, ఏర్పాటు చేసుకోవడం మన బాధ్యత. మీరు మీ ఏర్పాటులో ఉంటే, మా వైద్య నిధిలోని ప్రతి రూపాయీ ఏ కార్డూ, ఏ పింఛనూ లేని రిక్షా కార్మికుడికీ, కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొచ్చే వితంతువుకీ చేరుతుంది. ఇన్షా అల్లాహ్, మీరు ఎప్పటిలాగే ఇచ్చే వరుసలోనే ఉంటారు.